ముందు డబ్బులు బయటికి రప్పించాం, తర్వాతే లోపలికి వేయించాం: ఆటోనగర్ షెడ్డులో పీఎఫ్ పెట్టిన కథ

నేను వైజాగ్‌లో చిన్న కంపెనీలకి పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ పనులు చూసే కన్సల్టెంట్‌ని. ఈ కేసు 2023 డిసెంబర్‌లో నా దగ్గరకొచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఓనర్ పర్మిషన్ తీసుకునే రాస్తున్నా, పేర్లు మాత్రం రాయను. ఆటోనగర్‌లో ఫేబ్రికేషన్ షెడ్డు, పెద్ద ప్లాంట్లకి షట్‌డౌన్ టైంలో స్ట్రక్చరల్ పనులు, పైపింగు చేసి ఇచ్చేవాళ్ళు. ఓనర్‌కి యాభై దాటాయి, తను కూడా వెల్డర్‌గా మొదలెట్టినవాడే, నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు.

ఆయన వచ్చింది రిటైర్మెంట్ గురించి బెంగ పెట్టుకుని కాదు. 18 లక్షల బిల్లు ఆగిపోయింది. పని ఇచ్చిన పెద్ద కంపెనీ వాళ్ళు, పీఎఫ్ కోడ్ నంబరు, ఆ నెల ఈసీఆర్ (వర్కర్ల పేరుపేరునా పీఎఫ్ లెక్క చూపించే నెలవారీ రిటర్ను), చలానా కాపీ బిల్లుతో పాటు పెట్టకపోతే పాస్ చెయ్యం అన్నారు. "ఒక కోడ్ తీసి పడీ బాబూ, 19 మందే ఉన్నారని సూపించు, ఇరవై దాటితేనే కదా పీఎఫ్" అన్నాడు. ఈ 19 లెక్క నాకు కొత్త కాదు, ఆటోనగర్‌లో సగం షెడ్లలో ఎంతమందున్నారంటే పంతొమ్మిదే అంటారు.

హాజరు పుస్తకం తెప్పించి చూశాను. సొంత మస్టర్లో 14 మంది. మేస్త్రీ తెచ్చిన హెల్పర్లు ఇంకో ఆరుగురు, వాళ్ళ డబ్బులు మేస్త్రీ చేతికే ఇస్తారు కాబట్టి వాళ్ళు తన మనుషులు కాదని ఈయన నమ్మకం. మేస్త్రీకి సొంత పీఎఫ్ కోడ్ లేదు. అలాంటప్పుడు వాళ్ళు కూడా ఈ షెడ్డు లెక్కలోకే వస్తారు, అంటే 2023 మే నుంచే 20 అయిపోయింది, డిసెంబర్ నాటికి 23. చట్టం వర్తించేది మనం అప్లై చేసిన రోజు నుంచి కాదు, 20 తాకిన రోజు నుంచి. ఒకసారి పడ్డాక మళ్ళీ పదిహేను మందికి తగ్గినా బయటికి రాలేం. ఈ మూడు ముక్కలు చెప్పడానికి నాకు రెండు టీలు పట్టింది, ఆయనకి అర్థమవడానికి ఇంకో వారం.

పాత బకాయి లెక్క వేశాం. మే నుంచి డిసెంబర్ దాకా 8 నెలలు, సగటున 21 మంది, నెలకి సుమారు 71 వేలు, అంటే 5 లక్షల 68 వేలు. ఇందులో ఆయనకి మంట పుట్టించిన సంగతి ఏంటంటే వర్కర్ వాటా 12 శాతం కూడా ఆయనే పెట్టుకోవాలి, ఎందుకంటే జీతం ఇచ్చినప్పుడు కోయలేదు కాబట్టి ఇప్పుడు వెనక్కెళ్ళి కొయ్యడం కుదరదు. పైన ఏడాదికి 12 శాతం వడ్డీ, అది కాకుండా డామేజెస్, అంటే ఆలస్యంగా కట్టినందుకు జరిమానా. ఆయన బకాయి 2024 మార్చికి తేల్చాడు, అప్పటికి డామేజెస్ పాత రేట్లే, ఆలస్యాన్ని బట్టి ఏడాదికి 5 నుంచి 25 శాతం. వడ్డీ ముప్పై ఒక్క వేల దగ్గర, డామేజెస్ యాభై అయిదు వేల దగ్గర అయ్యాయి. ఆ జూన్‌లోనే డామేజెస్ రేటు నెలకి 1 శాతానికి దించారు, మూడు నెలలు అటూ ఇటూ, దాని గురించి ఇప్పటికీ దెప్పుతుంటాడు, నేనేదో ముందే తెలిసీ చెప్పనట్టు.

మరి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు, ఇంకోలా. 2018లో ఒకాయన వచ్చి వర్కర్ల రిటైర్మెంట్‌కి అని చెప్పి ఏడుగురి పేరు మీద ఇరవయ్యేళ్ళ ఎండోమెంట్ పాలసీలు (బీమా, పొదుపు కలిసినవి) రాయించి వెళ్ళాడు, ప్రీమియం ఓనర్ కట్టాలి. ఇద్దరు రెండేళ్ళలో పని మానేశారు, మూడోవాడివి ఎవరూ కట్టక ల్యాప్స్ అయ్యాయి. ఆ ఫైలు తీసి నా ముందు పెట్టి "ఇదే కదా పెన్షనంటే" అన్నాడు. కమీషన్ మీద బతికేవాడి సలహాకీ, ఫీజు తీసుకుని చెప్పేవాడి సలహాకీ తేడా చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఫైలు ఇంకోటి దొరకలేదు. నేను పీఎఫ్ పని వరకే చేస్తాను, నెలకి ఇంత అని ఫీజు. పెట్టుబడుల మాటొస్తే సెబీ (పెట్టుబడుల మార్కెట్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న అడ్వైజర్ దగ్గరకి పంపిస్తాను, ఆయన ఫీజు ఆయనది, నాకు అందులో వాటా లేదు. ఈ ముక్క ఎంగేజ్‌మెంట్ లెటర్లో రాసి సంతకం పెట్టించుకున్నాం.

ఖర్చు దగ్గరికొద్దాం. హెల్పర్‌కి అప్పటికి రోజుకి 470. వర్కర్ వాటా 12 శాతం, ఓనర్ వాటా 12, దాని మీద బీమాకి అర శాతం, అడ్మిన్ చార్జీ అర శాతం, అంటే ఓనర్‌కి 13 పడుతుంది. ఆయన వేసిన మొదటి ప్లాన్, నా 13 కూడా వాళ్ళ కూలీలోంచే కోసేద్దాం అని. అది చట్టప్రకారం కుదరదు, ఓనర్ వాటా వర్కర్ జీతంలోంచి తియ్యడానికి లేదు. ఇక్కడ కొంచెం బేరం నడిచింది. ఎలాగూ ఉగాదికి ముప్పై రూపాయలు పెంచుతావు కదా అన్నయ్యా, అదేదో జనవరిలోనే పెంచు, కటింగూ పెంపూ ఒకే శనివారం మొదలవ్వాలి అన్నాను. 470 మీద 26 రోజులకి 12,220 చేతికొచ్చేది. 500 అయ్యాక 13,000, అందులో 1,560 కటింగ్ పోతే 11,440. అంటే నిజంగా చేతికి తగ్గేది 780. పదిహేను వందల అరవై తగ్గుతుందని చెప్తే షెడ్డు ఖాళీ అయ్యేది.

ఫిట్టర్లకీ వెల్డర్లకీ ఇరవై వేలు పైన ఉన్నా 15,000 సీలింగ్ (పీఎఫ్ లెక్కకి చట్టం పెట్టిన జీతం హద్దు) మీదే కట్టాం, వాళ్ళ కటింగ్ 1,800, ఓనర్‌కి తలకి 1,950. హెల్పర్‌కి ఓనర్ ఖర్చు 1,690. పన్నెండు మంది హెల్పర్లు, పదకొండు మంది పైవాళ్ళు, ఓనర్ జేబులోంచి నెలకి 41,730, వర్కర్లది 38,520, మొత్తం చలానా 80,250. ఈ అంకెని ఒక తెల్లకాగితం మీద రాసి ఆఫీసులో గోడకి అతికించారు, ఇప్పుడు మనుషులు పెరిగారు అంకె మారింది గానీ కాగితం అలాగే ఉంది.

షెడ్డులో బట్వాడా వారానికోసారి, శనివారం సాయంత్రం. నెలాఖరున ఒకేసారి 1,560 కోస్తే ఆ శనివారం గొడవే. అందుకని వారానికి 390 చొప్పున నాలుగు శనివారాలు, అయిదో శనివారం వచ్చిన నెలలో ఆ వారం కటింగ్ లేదు. ఆ అయిదో శనివారం కోసం కుర్రాళ్ళు క్యాలెండర్ చూసుకుంటారు.

ఇదంతా ఓనర్ వైపు. అసలు కష్టం అటు కాదు. జనవరి మొదటి శనివారం మీటింగ్ పెట్టి పీఎఫ్ గురించి చెప్పాను, వడ్డీ 8.15 శాతం, బీమా ఉంది, పెన్షన్ ఉంది అని. నిలబడి విన్నారు. అయిపోయాక ఒక గ్యాస్ కట్టర్, నలభై ఏడేళ్ళవాడు, "సారూ, నా డబ్బులు ఇప్పటికే మూడు సోట్ల ఉన్నాయి, ఒక్కటీ రాలేదు, నాలుగోది ఎందుకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను చెప్పిన ముప్పావుగంట అక్కడితో గంగలో కలిసింది.

వాళ్ళకి పీఎఫ్ తెలియక కాదు ఒద్దంటున్నది, బాగా తెలిసే. 23 మందిలో పద్నాలుగు మందికి ఎక్కడో అక్కడ, ఏదో కాంట్రాక్టర్ కింద పాత ఖాతా ఉంది, ఒక్కరికి కూడా డబ్బు చేతికి రాలేదు. వాళ్ళ అనుభవంలో పీఎఫ్ అంటే లోపలికి వెళ్ళే దారే, బయటికి దారి లేదు. అందుకని ప్లాన్ తిరగేశాను. ఫారాలూ నామినేషన్లూ పక్కన పెట్టి, ముందు రెండు నెలలు పాత ఖాతాలు విడిపించే పని. ఫీజులో ఈ పని లేదు, అయినా ఇది చెయ్యకపోతే మిగతాది నడవదని ఓనర్‌తో చెప్పి కొంత ఇప్పించుకున్నాను, కొంత నేనే భరించాను.

పాత ఖాతాలు ఎందుకు ఇరుక్కుంటాయో మన ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరం ఇనిషియల్ వెనకుంటుంది. అప్పలరాజు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట అప్పల, రాజు రెండు మాటలు. పుట్టినతేదీ ఆధార్‌లో జనవరి 1, ఎందుకంటే ఎవరికీ తెలీదు కాబట్టి, కాంట్రాక్టర్ దగ్గర రాసింది జూలై 1, అదీ ఎవరికీ తెలీదు కాబట్టే. తండ్రి పేరు ఉండాల్సిన చోట మేస్త్రీ పేరు ఉన్న ఖాతా కూడా చూశాను, అబద్ధం కాదు. వీటన్నిటికీ అప్పట్లో జాయింట్ డిక్లరేషన్, అంటే మెంబరూ ఓనరూ కలిసి ఇచ్చే అర్జీ, పెట్టి సరిచేయించుకోవాల్సి వచ్చేది. రెండో జబ్బు, పాత కాంట్రాక్టర్ మానేసిన తేదీ వెయ్యకపోవడం. ఇది చాలామందికి తెలీదు గానీ, చివరి చందా పడి రెండు నెలలు దాటితే మెంబరే పోర్టల్‌లో లాగిన్ అయ్యి ఎగ్జిట్ డేట్ తనే వేసుకోవచ్చు, పాత కాంట్రాక్టర్ కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. మూడోది ఫోను. ఆధార్‌కి లింకైన నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది, ఓటీపీ ఎవడికి పోతోందో దేవుడికే తెలియాలి. ముందు ఆధార్ సెంటర్‌కెళ్ళి నంబరు మార్పించాలి, దానికి ఒకరోజు కూలి పోతుంది. ఓనర్ ఆ రోజు హాజరు వెయ్యడానికి ఒప్పుకున్నాడు, ఈ మొత్తం కేసులో ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది అదే.

మొదట తేలిన కేసు ఒక హెల్పర్‌ది. పాత ఖాతాలో నలభై వేల పైచిలుకు, భార్యకి ఆపరేషన్. మొత్తం తీసేస్తానన్నాడు. వద్దు, పాతది ఇక్కడి ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్ చేయించి, వైద్యం కింద అడ్వాన్సు పెడదాం అన్నాను, అప్పటికి వైద్యానికైతే ఇన్నేళ్ళ సర్వీసు ఉండాలన్న షరతు లేదు, పైగా అడ్వాన్సు తీసుకుంటే పెన్షన్ సర్వీసు తెగదు. ట్రాన్స్‌ఫర్‌కి టైం పట్టింది, క్లెయిమ్ పెట్టాక మాత్రం పదకొండో రోజున బ్యాంకులో పడ్డాయి. శనివారం బట్వాడాకి వచ్చి ఫోన్లో మెసేజ్ అందరికీ చూపించాడు. నేను ఏమీ మాట్లాడలేదు ఆరోజు. తర్వాతి శనివారానికి ఎనిమిది మంది ఆధార్ జిరాక్సులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు, మేస్త్రీతో సహా.

ఇక ఆ గ్యాస్ కట్టర్. 2011 నుంచి మూడు కాంట్రాక్టర్ల కింద పనిచేశాడు, మూడు పీఎఫ్ నంబర్లు, రెండు యూఏఎన్‌లు (మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ ఐడీ నంబరు), మొదటిదైతే యూఏఎన్ అనేది రాకముందు నాటిది. కలిపి చూస్తే 7 ఏళ్ళ 4 నెలల సర్వీసు. మనిషి ఒకటే పాట, మొత్తం లాగేసి ఇంటికి స్లాబ్ వేస్తాను. పీఎఫ్ డబ్బు తీసినా పర్వాలేదు గానీ, పెన్షన్ డబ్బు కూడా ఫారం 10సీ పెట్టి తీసేస్తే ఆ ఏడేళ్ళూ సున్నా అవుతాయి. పెన్షన్ రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి, వీడికి ఇంక రెండేళ్ళ ఎనిమిది నెలలు చాలు. 58 దాకా ఇక్కడే చేస్తే మొత్తం 18 ఏళ్ళు, లెక్క ఏంటంటే జీతం ఇంటూ సర్వీసు బై 70, 15,000 ఇంటూ 18 బై 70 అంటే నెలకి 3,857. దీనికి వాడు "మూడు వేల ఎనిమిదొందలకి ఏటొత్తాది సారూ" అన్నాడు, నిజమే, అప్పటికి ఏమొస్తుందో నేను కూడా చెప్పలేను. కానీ వాడి నాన్న ప్లాంటులో కాంట్రాక్టు లేబరుగానే నలభై ఏళ్ళు చేసి ఇప్పుడు వాడి మీదే ఆధారపడి ఉన్నాడు, నెలకి ఆయన మందులకి ఎంతవుతుందని అడిగాను. రెండు వేలన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. పీఎఫ్‌లోంచి ఇల్లు కట్టుకోడానికని కొంత అడ్వాన్సు తీసుకున్నాడు, పెన్షన్ సర్వీసు కలిపించాం. రెండు యూఏఎన్‌లు ఒకటవ్వడానికి ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు నా తప్పు. అకౌంట్స్ చూసే అమ్మాయి, డిప్లొమా సూపర్‌వైజర్ కుర్రాడు, ఇద్దరికీ ఇదే మొదటి పీఎఫ్, జీతాలు 15,000 పైన. అలాంటివాళ్ళని బలవంతంగా చేర్చనక్కర్లేదు, అయినా చేరతామని ఓనరూ వాళ్ళూ కలిసి జాయింట్ ఆప్షన్ రాసిచ్చి చేర్చాం. అయితే 2014 సెప్టెంబర్ 1 తర్వాత 15,000 దాటిన జీతంతో కొత్తగా చేరినవాళ్ళకి పెన్షన్ స్కీమ్ వర్తించదు, ఓనర్ వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకే పోవాలి. నాకు తెలుసు ఈ రూలు, పది మందికి చెప్పాను కూడా. అయినా అందరికీ వేసినట్టే వాళ్ళకీ ఓనర్ వాటాలోంచి నెలకి 1,250 పెన్షన్‌లో పడేలా ఫైల్ తయారుచేసి ఇచ్చాను, అయిదు నెలలు అలాగే పోయింది. ఆ అమ్మాయే పాస్‌బుక్ చూసి, "సార్ మాకు పెన్షన్ లేదన్నారు కదా, ఈ కాలమ్‌లో ఎందుకు పడుతోంది" అని అడిగింది. మనిషికి 6,250 వెనక్కి పీఎఫ్‌లోకి మార్చమని నెలవారీ లెక్కతో అర్జీ పెట్టుకున్నాం. దానికి అయిన పనికి నేను ఫీజు తీసుకోలేదు, తీసుకుంటే బాగోదు కూడా. అప్పట్నుంచి ఎవరు కొత్తగా చేరినా రెండు ప్రశ్నలు ఆ అమ్మాయి అడిగి రాసుకుంటుంది, ఇంతకుముందు పీఎఫ్ ఉందా, చేరిన రోజు జీతం ఎంత. నన్ను నమ్ముకుని కూర్చోదు, మంచిదే.

నెలవారీ పద్ధతి చాలా మామూలుగా పెట్టాం. అయిదో తేదీకి మస్టర్ క్లోజ్, పదికల్లా ఫైల్ నాకు పంపిస్తుంది, నేను చూసి పన్నెండుకి చలానా కట్టించేస్తాం. గడువు 15 అయినా 15న పెట్టుకోం, ఆరోజు పోర్టల్ దగ్గర ఊరంతా క్యూ కట్టినట్టుంటుంది. పైగా వర్కర్ల దగ్గర కోసిన డబ్బు 15 దాటి కడితే ఇన్‌కంటాక్స్‌లో అది ఖర్చు కింద కూడా అప్పట్లో ఒప్పుకునేవాళ్ళు కాదు, 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దీని మీద తేల్చి చెప్పేసింది. ఓనర్‌కి వడ్డీ, డామేజెస్ కంటే ఈ టాక్స్ మాటే బాగా ఎక్కింది. మూడు నెలలకోసారి ఒక శనివారం టీలు, పునుగులు తెప్పించి అందరి పాస్‌బుక్కులు ఫోన్లో తెరిచి చూపిస్తాం. హెల్పర్‌కి నెలకి తన 1,560, ఓనర్‌ది 477, పీఎఫ్‌లో 2,037 పడుతుంది, పెన్షన్‌లో 1,083 వేరే. ఆ 477 చూసి "ఓనర్ తక్కువేసేడు" అని ఒక గోల, మిగతాది పెన్షన్‌కి పోయిందని ప్రతి మూడు నెలలకీ చెప్పాలి, విసుక్కోకూడదు.

నామినేషన్ల గురించి ఎక్కువ రాయను, ఒకటే. పెళ్ళి కాకముందు తమ్ముడి పేరు వేసినవాడు పెళ్ళయ్యాక మార్చాలి, పాత నామినేషన్ చెల్లదు. చనిపోతే వచ్చే బీమా 7 లక్షల దాకా ఉంది, ఒక ఏడాది వరసగా చేసినవాడికి కనీసం రెండున్నర లక్షలు, దానికోసం విడిగా పాలసీ కట్టక్కర్లేదు. ఇది చెప్పినప్పుడు ఓనర్ ఆ పాత ఎండోమెంట్ ఫైలు వైపు చూశాడు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి చేసి మానేసినవాడికి ఓనర్ ఇవ్వాల్సిన మొత్తం, ఆయన ఊహలో కూడా లేదు. దానికి 20 కాదు, 10 మంది ఉంటే చాలు, అంటే ఎప్పట్నుంచో ఈ షెడ్డు దాని కిందే ఉంది. పెద్ద ఫిట్టర్ పద్నాలుగేళ్ళుగా ఉన్నాడు, 24,000 జీతం, నెలకి ఇరవయ్యారు రోజుల లెక్కన ఏడాదికి పదిహేను రోజుల జీతం, అలా పద్నాలుగేళ్ళకి, 1,93,846. ఒక్క మనిషికి. అయిదేళ్ళు దాటినవాళ్ళు ఇంకో ముగ్గురు. మన ఏపీలో 2011లోనే గ్రాట్యుటీకి కంపల్సరీ ఇన్సూరెన్స్ రూల్స్ పెట్టారు, చిన్న షెడ్లలో పాటించినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. గ్రూప్ గ్రాట్యుటీ తీసుకుని ఏడాదికి కొంత వేయడం మొదలెట్టాడు, ఇంకా పూర్తిగా నిండలేదు. దీని మీద మళ్ళీ 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలం అని రాసుకుని, పెట్టుకున్నవాడికి ఏడాదికే గ్రాట్యుటీ, అలవెన్సులు మొత్తం ఇచ్చేదాంట్లో సగం దాటితే ఆ పైది జీతంలో కలిపి లెక్కెయ్యాలి, ఈ షెడ్డులో అలవెన్సుల గొడవ లేదు కాబట్టి రెండోది తగలదు.

సూపర్‌వైజర్ కుర్రాడికి ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) ఖాతా పెడదామా అని ఓనర్ అడిగాడు, ఎవరో కొత్త టాక్స్ పద్ధతిలో 14 శాతం దాకా మినహాయింపు అని చెప్పారట. సెబీ అడ్వైజర్ చూసి ఒక్క మాటలో తేల్చేశాడు, ముప్పై రెండు వేల జీతానికి అసలు టాక్సే పడట్లేదు, లేని టాక్సుకి మినహాయింపు ఏంటి, ఆ డబ్బు జీతంలో ఇవ్వండి అని. అలా వద్దని చెప్పినందుకు ఆయనకి ఇచ్చిన ఫీజు వసూలైపోయిందనిపించింది నాకు. అదే మీటింగులో ఆయన ఓనర్‌ని తిరిగి అడిగాడు, మరి మీ రిటైర్మెంట్ సంగతేంటి అని. ప్రొప్రైటర్ తన షెడ్డులో తను ఉద్యోగి కాదు, ఈ పీఎఫ్ ఆయనకి రాదు. పెందుర్తి వైపు రెండు సైట్లు, ఒక హైడ్రా క్రేను, ప్లేట్ బెండింగ్ మెషిను, అంతే ఆయన ఆస్తి. పీపీఎఫ్ (ఎవరికి వాళ్ళు తెరుచుకునే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా) తెరిచాడు. మొదటి ఏడాది లక్షన్నర వేశాడు, రెండో ఏడాది హైడ్రా రిపేరుకి పోయింది, అయిదొందలే వేశాడు.

మొన్న 2025 నవంబర్‌లో పొద్దున్నే ఓనర్ ఫోను. పీఎఫ్ వాళ్ళు ఎన్‌రోల్‌మెంట్ స్కీమ్ పెట్టారు కదా, 2017 జూలై నుంచి 2025 అక్టోబర్ మధ్య పనిలో చేరి పీఎఫ్ బయట ఉండిపోయినవాళ్ళని 2026 ఏప్రిల్ ఆఖరులోపు చేరిస్తే, కొయ్యని వర్కర్ వాటా మాఫీ, డామేజెస్ వంద రూపాయలు. వాళ్ళబ్బాయి చదివి చెప్పాడు. "ఏటి బాబూ ఇది, నీ మాటిని నేను రెండు లచ్చల డెబ్బై వేలు వాళ్ళ వాటా కూడా కట్టేసేను, యాబై అయిదు వేలు డామేజీ. రెండేళ్ళు ఆగుంటే వందతో పోయేది" అన్నాడు. లెక్క కరెక్టే, నా దగ్గర కూడా 2,73,000 వచ్చింది. అప్పుడు 18 లక్షల బిల్లు ఎలా పాసయ్యేదన్నయ్యా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అది సరే గానీ, మన పక్క షెడ్డోడికి కూడా 19 మందే ఉన్నారంట, ఓ పాలి వచ్చి వాడి హాజరు పుస్తకం సూడు. వాడి దగ్గర మాత్రం ఫీజు ఎక్కువ తీస్కో, వాడికి వందే కదా పడేది" అన్నాడు. శనివారం వెళ్ళాను. మేస్త్రీ మనుషులతో కలిపి ఇరవై నాలుగు.